అక్క గొంతు

"మేడం, జర ముందుకొచ్చింది. ఇంకోటి చేద్దాం," అన్నాడు తిరుమలేశ్ అద్దం అవతలి నుంచి.

మంజులత హెడ్‌ఫోన్స్ సర్దుకుంది. తెర మీద సీరియల్ తల్లి మళ్లీ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆ నటిది బెంగళూరు, తెలుగు రాదు. ఆమె పెదవులు కదిపి వెళ్లిపోతుంది, ఏడుపు మాత్రం ఫిల్మ్‌నగర్‌లోని ఈ ఇరుకు గదిలోంచి మంజులత పంపాలి. గాజులు చప్పుడవుతాయని తీసి పక్కన పెట్టింది. గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగింది. "నా బిడ్డని నాకిచ్చెయ్యండి" అనాలి, అంతే. నాలుగుసార్లు అంది, నాలుగుసార్లూ పెదవుల కంటే ముందే అనేసింది.

"ఏమైంది మేడం, పరేషాన్‌గున్నరు? మీరు ఒక్క టేక్ మనిషి కదా," అన్నాడు తిరుమలేశ్. ఎనిమిదేళ్లుగా ఆమె గొంతు రికార్డు చేస్తున్నవాడు. ఊపిరి తీరు చూసి జ్వరం చెప్పగలడు.

"ఏం లేదు. చేద్దాం."

ఏం లేకపోవడమేంటి! బూత్‌లోకి వచ్చే ముందు ఫోన్‌లో ఒక మెసేజ్ చూసింది. "మేడం, అర్జెంట్. స్కూల్ లెటర్ మీద వెరిఫికేషన్ పడింది. ఆఫీసుకి రండి." అది చూసినప్పటి నుంచి తెర మీది పెదవుల మీద చూపు నిలవడం లేదు.

మెసేజ్ పంపిన సాయిశ్రీనివాస్‌ది జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మూడో అంతస్తులో వీసా కాగితాల ఆఫీసు. మంజులత వెళ్లేసరికి అక్క కూతురు భువన ఫైలు బల్ల మీద తెరిచి ఉంది. పై కాగితం మీద పిల్ల ఫోటో, రెండు జడలు, నవ్వొద్దన్నందుకు బిగబట్టిన మూతి. పన్నెండేళ్లు దానికి. బ్రిటన్‌లో నర్సుగా ఉన్న తల్లి పుష్పవల్లి దగ్గరికి పంపమంటే వీసా వాళ్లు కుదరదన్నారు. దాని మీద అప్పీలు. గురువారం అక్కడి ట్రిబ్యునల్‌లో విచారణ. ఇవాళ సోమవారం.

"తండ్రి వైపు నుంచి మనకి బెంగ లేదు మేడం. డైవోర్స్ కాగితాలు క్లియర్‌గా ఉన్నాయి," అన్నాడు సాయిశ్రీనివాస్. "వాళ్ల పాయింట్ ఒకటే. దూరాన ఉన్నా సరే, పిల్ల బాధ్యత మొత్తం తల్లిదే అయ్యుండాలి. చదువు, వైద్యం, ఏ నిర్ణయమైనా తల్లిదే. మధ్యలో ఇంకొకరు పెంచుతున్నారంటే కేసు నిలవదు. అందుకే స్కూల్ లెటర్ మనకి ప్రాణం."

ఆ ఉత్తరం మంజులతకి కంఠతా వచ్చు. 'తల్లిగారు ప్రతి నెలా టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడతారు. పిల్ల చదువుకు సంబంధించిన నిర్ణయాలన్నీ ఆమే తీసుకుంటారు.' దాని కిందనే, నోటరీ ముందు తను సంతకం పెట్టిన కాగితం. 'భువన విషయంలో నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మా అక్క చెప్పింది చేశాను.' ఆరేళ్లు తల దువ్వి, జ్వరాలకి మేలుకుని, ఎక్కాలు చెప్పించి, చివరికి నేనెవర్నీ కాదని రాసివ్వాలి. ఎంత బాగా పెంచితే కేసు అంత పాడవుతుందట. ఈ న్యాయం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లని ఒక్కసారి చూడాలని మంజులత కోరిక.

"వీసా వాళ్ల తరఫున ఇక్కడి మనుషులు స్కూల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు," అన్నాడతను. "అది నిజమే కదా మేడం? అక్కగారు నెలనెలా చేస్తారు కదా?"

"ఊ," అంది మంజులత.

అదే, ఆ 'ఊ' దగ్గరే చెప్పేయాల్సింది.

నెలనెలా బడితో మాట్లాడేది అక్క కాదు. తనే. అక్క వదిలి వెళ్లిన హైదరాబాద్ నంబరు మంజులత ఫోన్‌లో రెండో సిమ్‌గా ఉంది. బడి రిజిస్టర్‌లో 'తల్లి' అన్న గడిలో ఉన్నదీ ఆ నంబరే. భువన మూడో తరగతిలో ఉండగా ఇప్పుడు ఉత్తరం రాసిచ్చిన టీచరు శారదాదేవి తల్లితోనే మాట్లాడతానని పట్టుబట్టింది. అక్క వార్డులో ఉంది, ఫోన్ లాకర్‌లో ఉంది. మంజులత గొంతు సవరించుకుని రెండు నిమిషాలు అక్క అయింది. ఎంతమందికో గొంతు ఇస్తున్నాం, సొంత అక్కకి ఇవ్వలేమా అనుకుంది. అక్కకి చెబితే పడీపడీ నవ్వింది. ఆ నవ్వే ఇంతవరకూ తెచ్చింది.

"ఒక పని చేయండి," అన్నాడు సాయిశ్రీనివాస్. "రేపు అక్కగారిని వాళ్ల యూకే నంబర్ నుంచి ఒకసారి టీచర్‌తో మాట్లాడమనండి. వాళ్లు ఫోన్ చేసేసరికి టీచర్‌గారికి ఫ్రెష్‌గా గుర్తుంటుంది."

మెట్లు దిగుతూనే అక్కకి ఫోన్ చేసింది.

"సరే నేనే చేస్తా అందులో ఏముంది ఇన్నాళ్లూ నువ్వు చేశావు ఒక్కరోజు నేను చేయలేనా," అంది పుష్పవల్లి ఒక్క ఊపిరిలో. వెనకాల ఏవో ట్రాలీలు దొర్లుతున్నాయి.

"మెల్లగా మాట్లాడక్కా. నువ్వు మెల్లగా మాట్లాడతావు టీచర్‌తో. 'నమస్కారమండీ' అన్నాక కాస్త ఆగుతావు."

"ఓసినీ! నాకే నన్ను నేర్పుతున్నావా?"

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశాక కాసేపు మంజులతకి తన స్కూటర్ ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు.

మంగళవారం భువన జలుబని బడి మానేసింది. షేక్‌పేటలో వాళ్లది రెండు గదుల వాటా. పిల్ల లోపల దుప్పటి కప్పుకుని బొమ్మలు గీస్తోంది. మంజులత వంటగట్టు దగ్గర మిరియాలు దంచుతోంది. పన్నెండు కావస్తుండగా ఫోన్ మోగింది. తెర మీద రెండో సిమ్ గుర్తు, శారదాదేవి పేరు. రోకలి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, గొంతు దించింది.

"నమస్కారమండీ... పుష్పవల్లినే."

"పుష్పవల్లి గారూ, మీతో ఒక విషయం చెప్పాలండీ, కంగారు పడకండి," అంది శారదాదేవి. "ఇందాక ఎవరో మీ పేరు చెప్పుకుని నాకు ఫోన్ చేశారు. విదేశీ నంబరు. భువన తల్లినంటుంది. మీ గొంతు నాకు తెలియదటండీ? నాలుగేళ్లుగా వింటున్నాను. ఆవిడ గడగడా వాగేస్తోంది, మాట పెళుసు. అనుమానం వచ్చి పిల్ల ఏ సెక్షనని అడిగాను. 'బి' అంది! జూన్‌లో మీరే కదా లెక్కల టీచర్ బాగోలేరని 'ఎ'లోకి మార్పించారు?"

సెక్షన్ మార్పించింది తను. అక్కకి చెప్పాలనుకుంటూనే మరిచిపోయింది.

"అవును... నేనే," అంది, అక్క గొంతుతో.

"నేను గట్టిగా నాలుగు మాటలని పెట్టేశాను. ఆఫీసు రిజిస్టర్‌లో కూడా రాయించాను, ఫలానా నంబరు నుంచి తల్లి పేరుతో దొంగ ఫోన్ వచ్చిందని. మీ వీసా వాళ్లు రేపు పదింటికి చేస్తారట. వాళ్లకీ చెప్తాను, ఈ తల్లి మీద ఎవరో కుట్ర చేస్తున్నారని. మీకు నేనున్నానండీ, భయపడకండి."

"చాలా... థాంక్సండీ."

తేలు కుట్టిన దొంగ అరవకూడదు, ఏడవకూడదు. మంజులత ఫోన్ పెట్టేసి అక్కడే, మిరియాల ఘాటులో, గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఆరేళ్లలో అక్క బడికి చేసిన అసలైన ఫోన్ అదొక్కటే. అది దొంగ ఫోనని రాసి పెట్టుకున్నారు. రేపు ఆ నంబరూ, అక్క కేసులో ఇచ్చిన నంబరూ ఒకటేనని వాళ్లకి తెలియడానికి ఎంతసేపు? తల్లి గొంతు తెలియని టీచరు, సెక్షన్ తెలియని తల్లి. ఇంక అప్పీలెందుకు, అదే తీర్పు.

తల ఎత్తితే గుమ్మంలో భువన ఉంది.

"అమ్మలా మాట్లాడావు కదా," అంది.

మంజులత ఫోన్ కొంగు చాటుకి లాక్కుంది.

"నాకెప్పట్నుంచో తెలుసు పిన్నీ. కానీ అమ్మ అలా మాట్లాడదు. అమ్మ ఫాస్ట్‌గా మాట్లాడుతుంది. మధ్యలో 'ఓకే ఓకే' అంటుంది." ముక్కు ఎగబీల్చింది. "నువ్వు చేసే గొంతు ఎవరిది?"

అది ఎవరిదో మంజులతకి అప్పుడే తట్టింది. ఆరేళ్ల కిందట విమానాశ్రయంలో పిల్లని చంక దించి వెళ్లిన అక్కది. నిదానంగా, ఆగి ఆగి మాట్లాడే మనిషిది. అక్కడ డ్యూటీల్లో పరుగులు పెట్టి పెట్టి ఆ మనిషి ఎప్పుడో మారిపోయింది. ఇక్కడ తను మాత్రం పాత గొంతునే నెలనెలా దుమ్ము దులిపి వాడుతోంది.

"మీ అమ్మదే. పాతది," అంది.

"నన్ను పంపరా అయితే?"

"పంపుతారే. ఎందుకు పంపరు? పడుకో," అంది మంజులత. ఆ మాటలో ఏ గొంతూ సరిగ్గా కుదరలేదు. పిల్ల నమ్మలేదు. భయం పిల్ల ముఖంలోకి కూడా వెళ్లడం చూసి, తన్ను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

బుధవారం తొమ్మిదింబావుకే బడి గేటు దగ్గరుంది మంజులత. పదింటి లోపల చెప్పేయాలి. చెబితే ఉత్తరం పోతుంది, కేసు పోతుంది. చెప్పకపోతే అక్క దొంగ అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రార్థన అయ్యేదాకా నిలబడింది. వాచ్‌మన్ రెండుసార్లు అడిగాడు ఏం కావాలని. రెండుసార్లూ ఏం లేదంది. స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లేసరికి పదీ పది. శారదాదేవి బల్ల మీద ఫోన్ పెడుతోంది.

"రండి రండి, పిల్ల ఎలా ఉంది? ఇప్పుడే పెట్టేశారు మీ వెరిఫికేషన్ వాళ్లు. అంతా చెప్పాను, ఆ దొంగ నంబరుతో సహా. రాసుకున్నారు."

కుర్చీ చూపించినా మంజులత కూర్చోలేదు.

"మేడం, ఆ ఫోన్ దొంగది కాదు. అది మా అక్కే."

"అదెలాగమ్మా? మీ అక్కగారితో నిన్న పన్నెండింటికి నేను—"

"నాతో మాట్లాడారు."

శారదాదేవి అర్థం కానట్టు చూసింది. ఎంత చెప్పినా ఈ మనిషి నమ్మదని మంజులతకి తెలుసు. కళ్లు మూసుకుంది, గొంతు దించింది. "నమస్కారమండీ... పుష్పవల్లినే."

స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతున్న ఇంకొకావిడ తలెత్తింది. శారదాదేవి ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"నాలుగేళ్లు! ఒక తల్లనుకుని నా బాధలు కూడా చెప్పుకున్నానే మీతో! మా ఆయన ఆపరేషన్ సంగతి కూడా!"

"తప్పే మేడం."

"తప్పంటే సరిపోతుందా? నా సంతకంతో పరాయి దేశం కోర్టుకి అబద్ధం వెళ్లింది. ఇవాళ నా నోటితో ఇంకోటి వెళ్లింది. పిల్ల తల్లిని దొంగన్నాను." ఆవిడ మాటల్లో కోపం సగం, భయం సగం. "నా ఉద్యోగం ఏమవ్వాలి? ఆ ఉత్తరం వెనక్కి తెప్పించండి. కొత్తది రాస్తాను. నాకు తెలిసిందే రాస్తాను, ఒక్క ముక్క తగ్గించను."

తర్వాతి పీరియడ్ బెల్లు కొట్టినా లేవకుండా ఆవిడ రాసింది. అక్షరాలు గుండ్రంగా, తప్పులు దిద్దే అలవాటుతో ప్రతి వాక్యం తర్వాతా ఆగి చదువుకుంటూ. మంజులత నిలబడే ఉంది. చిన్నప్పుడు బెంచీ ఎక్కి నిలబడ్డప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో సాయిశ్రీనివాస్ ఆ ఉత్తరం బయటికే చదివాడు. బల్ల మీద మంజులత ఫోన్, స్పీకర్‌లో అక్క.

"'నేను తల్లి అనుకుని ఇన్నాళ్లు మాట్లాడింది పిన్నితో. పిల్ల ఏ సెక్షన్‌లో ఉండాలి, ఎప్పుడు కళ్లద్దాలు వేయించాలి, అన్నీ ఆమే నిర్ణయించింది. పిల్లను చక్కగా పెంచింది. తల్లి నిజంగా ఫోన్ చేసిన రోజు నేను ఆమె గొంతు గుర్తుపట్టలేదు. దొంగవని తిట్టి పెట్టేశాను. అందుకు ఆ తల్లికి క్షమాపణ చెబుతున్నాను.'"

కాగితం కింద పెట్టి మంజులత వంక చూశాడు. "ఏంటి మేడం ఇది? నాకు ఒక్క మాట చెప్పలేదేంటి? ఇది పంపితే కేసు మన చేత్తో మనం చంపుకున్నట్టే. 'పిన్ని పెంచింది' అని స్కూలే రాసిచ్చింది! పంపొద్దు. పాత లెటర్ విత్‌డ్రా చేద్దాం, అంతే. టీచర్ పొరబడిందని వదిలేద్దాం."

"అలా చెయ్యొచ్చా?" అంది మంజులత ఆశగా. ఆశపడినందుకు మళ్లీ సిగ్గుపడింది.

సాయిశ్రీనివాస్ పాత లెటర్ కోసం ఫైలు తిప్పాడు.

"పంపండి," అంది పుష్పవల్లి.

"అక్కా, పోతుందే కేసు!"

"పోనీ. ఆవిడ ఏం తప్పు రాసింది? సెక్షన్ తెలీదు నాకు. కళ్లద్దాల సంగతి వీడియో కాల్‌లో చూశాకే తెలిసింది. రేపు జడ్జి అడిగితే నీ గొంతుతో నేను చెప్పనా, నా గొంతుతో నువ్వు చెబుతావా? చాలు లతా." పుష్పవల్లి మొదటిసారి నిదానంగా మాట్లాడింది. "సాయిశ్రీనివాస్ గారూ, లాయర్‌గారికి ఇప్పుడే పంపించండి. ఇది నా నిర్ణయం. మా చెల్లెల్ని అడగొద్దు."

సాయిశ్రీనివాస్ ఉత్తరం స్కాన్ చేస్తున్నంతసేపూ మంజులత కిటికీలోంచి చెక్‌పోస్ట్ సిగ్నల్ కేసి చూస్తూ కూర్చుంది. అక్కకి కోపం వచ్చిందా, తనని ఆ భారం నుంచి తప్పించిందా, ఏదీ తెలియలేదు. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. మంజులతకి ఏమీ తేలిక కాలేదు. ఎప్పటిలాగే భయం వేస్తోంది, ఇంకాస్త ఎక్కువగా.

గురువారం మన టైము రెండున్నరకి విచారణ మొదలవుతుంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక మంజులత డబ్బింగ్‌కి వచ్చింది. ఫోన్ బయట తిరుమలేశ్ దగ్గర పెట్టింది.

"మోగితే తెర మీద ఏమున్నా ఆపెయ్యి."

"ఫికర్ చెయ్యకున్రి మేడం. చేతిలనే పట్టుకున్న," అన్నాడతను.

మూడు అయింది, నాలుగు అయింది. ఆటో నాలుగున్నరకి భువనని స్టూడియో దగ్గర దించింది. పిల్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని తిరుమలేశ్ పక్కన కూర్చుంది. అద్దం ఇవతల మంజులత, అవతల పిల్ల. మధ్యలో ఆ సీరియల్ తల్లి ఏడుస్తూనే ఉంది. మైకుకి వినబడేంతగా తన గుండె కొట్టుకుంటోందేమోనని మంజులతకి అనుమానం. తిరుమలేశ్ నటి పెదవులతో సింక్ తప్పిన టేకులు కూడా "ఓకే మేడం" అని దాటించేశాడు, దేవుడిలాంటి మనిషి.

అయిదూ పదికి అతను చెయ్యి ఎత్తాడు.

హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతుండగానే పరిగెత్తింది.

"లతా," అంది అక్క. తర్వాత ఏడుపు. డబ్బింగ్‌లో పనికిరాని ఏడుపు, మాటకి మాట అంటుకోని ఏడుపు. మంజులతకి అర్థమైపోయింది. పోయింది, అంతే, పోయింది.

"చెప్పవే! పోయిందా?"

"టీచర్ ఉత్తరం చదివారు వాళ్ల లాయరు. అదుగో చూడండి పిన్నే పెంచింది, తల్లి బాధ్యత లేదన్నారు. జడ్జిగారు నన్ను అడిగారు, ఇది నిజమా అని. నిజమేనన్నాను. మీ పిల్ల టీచరు మీ గొంతు గుర్తుపట్టలేదా అన్నారు. లేదన్నాను. అప్పుడేమనిపించిందన్నారు." అక్క ముక్కు చీదుకుంది. "నా పిల్ల కూడా ఇంకొన్నేళ్లకి గుర్తుపట్టదేమోనని భయం వేసిందన్నాను. ఇంకేం అడగలేదే ఆయన. రాసుకున్నారు."

"ఆ తర్వాత?"

"బాధ్యత మొత్తం నాదేనని నేను చూపించలేకపోయానట. ఆ పాయింట్ మనం ఓడిపోయాం. కానీ ఇంకా విడదీసి ఉంచితే పిల్లకి తల్లే లేకుండా పోతుంది, అది తగదన్నారు. అప్పీలు ఒప్పుకుంటున్నానన్నారు. తీర్పు రాతలో తర్వాత వస్తుందట. వాళ్లు పైకోర్టుకి వెళ్తే వెళ్లొచ్చట, వెళ్లరులే అంటున్నాడు లాయరు. లతా, వింటున్నావా? వస్తుందే మన పిల్ల!"

మంజులత వింటోంది. నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదలాలి కదా, ఎలా వదలాలో తెలియలేదు. తిరుమలేశ్ "ఏమైంది?" అన్నట్టు చూస్తే తల ఊపింది. అతను రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. భువన లేచి నిలబడింది. దాని కళ్లద్దాల వెనక కళ్లు గుండ్రంగా అయ్యాయి. మంజులత స్పీకర్ నొక్కి ఫోన్ దాని చేతికిచ్చింది.

"భువీ! అమ్మ దగ్గరికి వచ్చేస్తున్నావమ్మా! ఓకే ఓకే, ఇప్పుడు చెప్పు, టికెట్ ఎప్పటికి చేయించను? వచ్చే నెల హాఫ్ ఇయర్లీ పరీక్షలుంటాయి కదా, ముందే వచ్చేస్తావా, అయ్యాక వస్తావా?"

భువన ఫోన్ కేసి చూసింది.

"పిన్నిని అడిగి చెప్తా," అంది.

తిరుమలేశ్ తల దించుకుని మిషన్ మీద ఏదో తిప్పుతున్నట్టు నటించాడు. భువన ఇటు తిరిగింది. ఆరేళ్లుగా ప్రతిదానికీ తిరిగినట్టే, ఏమాత్రం అనుమానం లేకుండా.

"పిన్నీ, ముందా? తర్వాతా?"

మంజులతకి జవాబు తెలుసు. పరీక్షలు రాయాల్సిందే, మధ్యలో మానేస్తే టీసీలో ఇబ్బంది. లెక్కల్లో ఈ మధ్యనే మార్కులు పుంజుకున్నాయి. ఆ చలికి స్వెటర్లు కొనాలి, పళ్ల డాక్టరుకి ఒకసారి చూపించాలి. పైగా తర్వాతంటే ఇంకో నెల తన దగ్గరే ఉంటుంది. ఇవన్నీ నాలుక చివరికి వచ్చాయి.

"నాకేం తెలుసే," అంది మంజులత. "మీ అమ్మని అడుగు."

పిల్ల ముఖం చిన్నబోయింది. పిన్ని ఎందుకు అలా అందో తెలియక కాసేపు నిలబడి, ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అమ్మా, నువ్వే చెప్పాలట," అంది.

మంజులత బూత్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంది. అది ఎంత గట్టిగా ఏడ్చినా బయటికి వినబడని గది. అద్దంలోంచి పిల్ల తల ఊపుతూ మాట్లాడడం కనిపిస్తోంది. అక్క ఏం నిర్ణయించిందో ఇక్కడికి వినబడలేదు.